పల్లెటూరి సినిమాశాలకు యజమాని యెవరు?

కామవరపుకోట మండలములో జీలకఱ్ఱగూడెము నానుకొని గుంటుపల్లి కొండ యున్నది. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దినుండి బౌద్ధభిక్షువులు నివసించిన చోటది. అందొక గుండ్రని చైత్యగృహము కలదు. నడుమ స్తూపము, తల యెత్తి చూచినచో పైకప్పున వాసములు, అడ్డదూలములు. అవి కఱ్ఱవి కావు, కొండరాతిలోనే తొలిచినవి. అంతకు పూర్వము కఱ్ఱతోను ఆకుతోను కట్టుకొనుచుండిన శాలను ఆ శిల్పులు రాతిలోనికి దింపిరి. పదిమంది కూడి ఒక వస్తువు నెదురుగా నుంచుకొని కూర్చుండుటకు నీడ కల్పించుట యీ మెట్టసీమలో రెండువేల యేండ్లకు పైబడిన మాట.

ఇరువదవ శతాబ్దిలో ఈ సీమకు వేఱొక సభాశాల వచ్చినది. అది సినిమాశాల. అదియు గుడ్డతోను తాటాకుతోను మొదలై, రేకులకు వచ్చి, ఇటుకకు వచ్చినది. రాతివఱకు రాలేదు. వచ్చులోపలనే పెక్కుచోట్ల దాని తలుపులు మూతపడినవి. కొన్ని కల్యాణమండపములైనవి, కొన్ని గిడ్డంగులైనవి. జనులు రాకపోవుటచేతనే ఇవి మూతపడినవని సామాన్యముగా చెప్పుకొందురు. ఆ మాటలో సగమే నిజము. తన శాలలో ఏ బొమ్మ ఆడవలెనో, ఎంత ధరకు ఆడవలెనో, ఎన్ని దినములు ఆడవలెనో నిర్ణయించు అధికారము పల్లె యజమాని చేతినుండి మెల్లమెల్లగా జాఱిపోయిన చరిత్ర రెండవ సగము. ఆ రెండవ సగమును గూర్చియే మేము వ్రాయదలచినది.

మొదటినుండి చెప్పవలెనన్న, దక్షిణదేశమున ఈ విద్య గుడారములోనే పుట్టినది. 1905 లో తిరుచిరాపల్లిలో రైల్వే గుమాస్తాగా నుండిన సామికణ్ణు విన్సెంటు ఒక ఫ్రెంచి ప్రదర్శకుని యొద్ద యంత్రమును, క్రీస్తుచరిత్ర చిత్రమును కొని, ఉద్యోగమునకు నీళ్లు వదలి, ఊరూర డేరా వేసెను. మన తెలుగువారిలో ఆ కీర్తి బందరులో 1869 లో జన్మించిన రఘుపతి వెంకయ్యగారిది. మదరాసులో ఛాయాచిత్రశాల నడపుకొనుచుండిన ఆయన 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించెను. గ్రామఫోను ధ్వనిని తెఱమీది బొమ్మతో జతపఱచు సాధనమది. దానితో బెజవాడ, బందరు మొదలుకొని బర్మా, సింహళముల వఱకు తిరిగెను. 1914 లో మదరాసున గెయిటీ అను స్థిరమైన శాల కట్టెను. పిమ్మట క్రౌను, గ్లోబు. కొడుకు ప్రకాశును సీమకు పంపి విద్య నేర్పించెను. తుదకు ఆ శాలలన్నియు ఆయన చేజాఱినవి. 1941 లో ఆయన మరణించెను. ఆంధ్రచలనచిత్రమునకు పితామహుడని నేడు మనము పిలుచునాయన తాను కట్టిన తలుపులకు తాను యజమాని కాకయే పోయెనన్నమాట. మా వ్యాసములోని ప్రశ్న అంత పాతది.

ఆంధ్రదేశములోపల మొదటి స్థిరమైన సినిమాశాల బెజవాడలో పోతిన శ్రీనివాసరావుగారు 1921 లో నెలకొల్పిన మారుతీ సినిమా. ఏలూరు, తాడేపల్లిగూడెము రైలుదారి మీదివి కావున బొమ్మల పెట్టెలు అచ్చటికి సులువుగా చేరెడివి. రైలు దిగి మెట్టకెక్కు చింతలపూడి, కామవరపుకోట, జంగారెడ్డిగూడెముల వైపునకు మాత్రము పెట్టె బండిమీదనే, తరువాత బస్సుమీదనే చేరవలెను. ఈ కారణముచేత మెట్టసీమకు సినిమా డేరా రూపముననే చాలకాలము తెలిసినది.

ఈ డేరా యెట్టి పని చేసినదో తెలియుటకు ఏలూరు చేరువనున్న సోమవరప్పాడు గ్రామమును చూడవలెను. 1908 జనవరి 17 న అచ్చట ఒక రైతుకుటుంబమున అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు పుట్టెను. చదువుమీద మనసు లేదు. ఊరికి వచ్చిన డేరాలలో అరిగిపోయిన మూగబొమ్మలు చూచుచు, నాటకాలలో వేషములు వేయుచు పెరిగెను. తండ్రి అప్పులపాలయ్యెను. కుఱ్ఱవాడు 1930 ప్రాంతమున చెప్పకుండ బొంబాయికి పోయెను. అచ్చట చిత్రనిర్మాణ కంపెనీలలో చిల్లరపనులు చేసెను. చాలని రాబడికి తోడుగా ఒక సినిమాశాలలో గేటుకడ నిలువబడి టిక్కెట్లు చూచు పనియు చేసెను. హిందీలో మొదటి టాకీ ఆలం ఆరా, తమిళమున మొదటిదైన కాళిదాసు, తెలుగున మొదటిదైన భక్తప్రహ్లాద, ఈ మూటియందును చిన్న వేషములు ధరించిన మనుష్యుడు ఆయనయే. (భక్తప్రహ్లాద 1931 లో వచ్చినదని చిరకాలము నమ్మిరి, 1932 ఫిబ్రవరి 6 న విడుదలైనదని ఇటీవలి పరిశోధకులు పత్రికల యాధారముతో తేల్చిరి.) ఎల్.వి. ప్రసాదు అను పేర 1949 లో 'మనదేశం' తీసి నందమూరి తారకరామారావును తెఱకు పరిచయము చేసినదియు ఆయనయే. 1982 సంవత్సరపు ఫాల్కే పురస్కారము ఆయనకు వచ్చినది. ఏలూరు తాలూకాలో ఆ చిఱిగిన డేరాలు వేసినవారి పేళ్లు ఎవ్వరికిని తెలియవు. వారు ఏ కంపెనీకిని ఏజెంట్లు కారు. ఒక యంత్రము, ఒక గుడారము, కొన్ని పాత రీళ్లు గల చిన్న వర్తకులు. దేశమున మిక్కిలి పెద్ద చిత్రకారులలో ఒకడు వారి నేల టిక్కెట్టునుండి పుట్టెను.

డేరా నడచు విధమును నేటి యువకులు ఎఱుగరు కావున కొంచెము వివరింతుము. కరెంటు లేని యూరిలో మొదట కావలసినది ఆయిలింజను, దానికి జోడించిన డైనమో. సాయంకాలము ఇంజను చప్పుడు వినబడినప్పుడే ఆట యున్నదని చుట్టుపట్ల పల్లెలవారు తెలిసికొందురు. పగలు బొమ్మల కాగితములు అంటించిన ఒంటెద్దుబండి డప్పుతో ఊళ్లు తిరుగును. దీపమనగా రెండు కార్బను కడ్డీల కొనల నడుమ ఎగయు వెలుగు. కడ్డీలు కాలుచుండును గనుక ఆపరేటరు వాని యెడమును చేతితో సరిచేయుచుండవలెను, లేనిచో తెఱమీద దేవుడు గాని రాక్షసుడు గాని ఒక్కటే చీకటి. టాకీ ఫిల్ము నిమిషమునకు 90 అడుగుల చొప్పున కదలును. అనగా 1000 అడుగుల రీలు 11 నిమిషములు. పట్టణపు శాలలో యంత్రములు రెండు. ఒకదానిలో రీలు ముగియు క్షణమున రెండవది అందుకొనును. డేరాలో యంత్రము ఒక్కటే. కావున చుట్ట ముగిసినప్పుడెల్ల ఆట ఆగును, దీపము వెలుగును, వేరుసెనగకాయలవాడు బయలుదేరును. పట్టణవాసులు దీనిని చూచి నవ్వెడివారు. పల్లెవారు ఆ విరామములలో కథ గూర్చి వాదించుకొనిరి, చంటిపిల్లలను ఓదార్చుకొనిరి, మిగిలిన కథను ఊహించుకొనిరి. నవ్వవలసినంత లోపము అందులో మాకు కనబడలేదు.

నాటి ఫిల్ము నైట్రేటుది. 1950 ప్రాంతము వఱకును అదే. దానికి నిప్పంటుకొన్నచో నీటిలో ముంచినను ఆఱదు. అందుచేత యంత్రపు గది కాలని రేకుతో కట్టవలెననియు, ఇసుక బొక్కెనలు, నీళ్ల బొక్కెనలు వ్రేలాడదీయవలెననియు సర్కారు కట్టడలు. బొక్కెనలు తనిఖీదినమున మాత్రమే నిండుగా నుండెడివని వేఱుగా చెప్పనక్కఱలేదు. కోత ముగిసి పొలములు ఖాళీయైనప్పటినుండి తొలకరి వఱకు డేరాకు కాలము. మెట్టలో పొగాకు అమ్మి రైతు చేత డబ్బాడు దినములును అవియే. లంకలనుండి కొల్లేటివారు దోనెలమీద గట్టునకు చేరి, అచ్చటనుండి నడచి ఆటకు పోవుదురు. మెట్టవారు బండ్లు కట్టుదురు. చి. పుల్లయ్యగారి 'లవకుశ' 1934 లో వచ్చినప్పుడు బండ్ల వరుసలనుగూర్చిన కథలు మన జిల్లాలన్నిటను కలవు.

నేల, బెంచి, కుర్చీ. ఈ మూడు మాటలలో పల్లెసినిమా సమాజశాస్త్రమంతయు నిమిడియున్నది. నేలమీదివాడు ఇసుక పోగుచేసికొని దానిపై కూర్చుండును. వెనుకవాడు అంతకంటె ఎత్తుగా పోగుచేయును. ఆడువారికి వేఱుచోటు, నడుమ తడక. గుడిలో ఎవడు ఎంతదూరము పోవచ్చునో కులము నిర్ణయించుచుండిన కాలమున, ఇచ్చట ఎవడెంత దూరము పోవచ్చునో అణాలు నిర్ణయించినవి. ఇది గొప్ప సమానత్వమని మేము అనము; డబ్బు పెట్టిన గీతలును గీతలే. అయినను టిక్కెట్టు అమ్మువాడు కులము అడుగకుండ డబ్బు తీసికొని లోనికి పంపిన మొదటి సభాశాల మన గ్రామములలో పెక్కుచోట్ల ఇదియే. గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల' 1938 లో విడుదలయినప్పుడు, తెఱమీద దేవాలయప్రవేశము సాగుచుండగా తెఱముందఱ పల్లెవాడును అగ్రహారమువాడును ఒకే కప్పుక్రింద కూర్చుండిరి. ఆ మఱుసటియేట ఆయనయే తీసిన 'రైతుబిడ్డ' మీద జమీందారులు కత్తి కట్టిరి. వేంకటగిరి, బొబ్బిలి ప్రభువుల పక్షమున ప్రతిఘటన వచ్చినది. చిత్రమేమనగా, ఆ బొమ్మ తీసిన సారథీ సంస్థకు అధ్యక్షుడు చల్లపల్లి రాజావారు. జమీందారీలను నిరసించు బొమ్మకు ఒక జమీందారుడు పెట్టుబడి పెట్టెను, వేఱొకరు అడ్డుతగిలిరి. ఏ యూరిలో దానిని ఆడించినను ఆ సాహసము ఆ యూరి ప్రదర్శకునిదే.

గీతలు పోయినవని మురియువారు 1991 ఆగస్టు 6 ను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. గుంటూరు జిల్లా చుండూరులో ఆ దినమున ఎనిమిదిమంది దళితులు హతులైరి. కక్ష పెరిగిన క్రమమును చెప్పినవారు దాని మొదటి నిప్పు సినిమాశాలలోనే రగిలినదనిరి: ఒక దళిత యువకుని కాలు ముందు కుర్చీలోనున్న మఱొక కులమువానికి తగిలినది. తాను డబ్బు పెట్టి కొన్న ఆసనమున కూర్చున్నవాని కాలు ఎవరికి తగిలినదను విచారణ హత్యాకాండ వఱకు పోయినది. డబ్బుతో కొన్న సమానత్వము ఎంత పలుచనిదో ఇంతకంటె చెప్పనక్కఱలేదు. అయినను ఆ పలుచని దానిని సహితము పల్లెలో ఇచ్చినది ఈ శాల యొక్కటియే; అది మూతపడినచోట దానికి బదులు మఱి యే శాలయు తెఱువబడలేదు. మూతపడుటను మేము వ్యాపారనష్టముగా మాత్రమే చూడకపోవుటకు ఇది కారణము.

ఇక ప్రభుత్వము. 1918 లో సినిమాటోగ్రాఫు చట్టము వచ్చినది. లైసెన్సు జిల్లా మేజిస్ట్రేటు చేతిలో, చిత్రపరిశీలన ప్రెసిడెన్సీ బోర్డుల చేతిలో పెట్టిరి. అగ్నిప్రమాదములనుండి జనులను కాపాడుట చట్టోద్దేశమని పైకి చెప్పిన మాట. నిప్పు ఎచ్చటిదియో 1921 లో 'భక్తవిదురుడు' బొమ్మకు పట్టిన గతి చూచినవారికి తెలిసినది. విదురుని వేషము గాంధీమహాత్ముని పోలియున్నదని మదరాసులోను కరాచీలోను దానిని నిషేధించిరి. (మహాత్ములు స్వయముగా సినిమాను మెచ్చినవారు కారు. 1927 లో నియమించిన సినిమా విచారణసంఘమునకు తాము సినిమా యెన్నడును చూడలేదనియు, అది కీడనియు వ్రాసిరి. 1944 లో 'రామరాజ్యం' అను హిందీబొమ్మ చూచిరి, అంతటితో సరి.) దివాన్ బహదూర్ టి. రంగాచార్యులవారి అధ్యక్షతను పనిచేసిన ఆ సంఘము నాటికి హిందూదేశమంతటను శాలలు సుమారు 300 మాత్రమే.

పరప్రభుత్వమును నిందించుట సులువు. మనవారి మాటయు చెప్పవలెను. మదరాసు వినోదపు పన్ను చట్టము 1939 నాటిది, అది రాజగోపాలాచారిగారి కాంగ్రెసు మంత్రివర్గము చేసినది. మద్యనిషేధమువలన పోయిన ఆదాయమును పూడ్చుకొనవలసియుండిన కాలమది. పన్ను వేయుటకు వారికి కారణము లేకపోలేదు గాని, నేల టిక్కెట్టువానినుండి ప్రభుత్వము వాటా తీయు అలవాటు ఆనాడు మొదలై నేటివఱకు వేఱువేఱు పేళ్లతో నిలిచినది. యుద్ధకాలమున మఱొక విచిత్రము జరిగినది. ముడి ఫిల్ము కొఱతచే 1942 లో బొమ్మ నిడివిని 11,000 అడుగులకు కుదించిరి. మఱుసటియేట భారతరక్షణ నిబంధనలలో 44-ఎ అనునది చేర్చి, ప్రతి శాలయందును ప్రతి యాటలోను సర్కారు ప్రచారచిత్రము చూపి తీరవలెనని శాసించిరి. చూపినందుకు అద్దెయు శాలవాడే చెల్లింపవలెను! తనకు పడని మాటను తన తెఱమీద చూపుటకు తానే రుసుము కట్టుట లోకమున అరుదైన శిక్ష. స్వరాజ్యము వచ్చినపిదప ఆ శిక్ష తీఱునని తలచిరి. 1948 లో ఫిలిమ్స్ డివిజను నెలకొల్పి, వార్తాచిత్రమునకు పేరు మార్చి, ఆ నిర్బంధమును ఆ అద్దెను అట్లే సాగించిరి. ఆ వార్తాచిత్రములలో మంచివి కలవు. పల్లెవాడు నాగార్జునసాగరపు కట్టను మొదట అందులోనే చూచెను. అయినను మంచిదైన వస్తువును నిర్బంధము లేకుండ చూపించు నేర్పు మన ప్రభుత్వమునకు పట్టుబడలేదు.

1955 లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రత్యేకముగా సినిమాల నియంత్రణ చట్టము వచ్చెను. 1970 నాటి నిబంధనలలో స్థిరశాలలు, అర్ధస్థిరశాలలు, సంచారశాలలు అని తరగతులు ఏర్పడినవి. ఈ నడుమనే పల్లెటూళ్లలో పక్కా శాలలు లేచినవి. కారణము సుస్పష్టము. డెల్టాలో కాలువనీరు, మెట్టలో బోరునీరు, పొగాకు రైతునకు కొంత మిగులు చూపించినవి, విద్యుత్తు వచ్చినది, డబ్బున్న రైతు భూమిమీద, బియ్యపుమిల్లుమీద, సినిమాశాలమీద పెట్టుబడి పెట్టెను. 1973 నాటి భూపరిమితి చట్టము తరువాత భూమికి బదులు కట్టడములమీద పెట్టుట మఱింత మేలని తోచినది. మా చదువరులలో పెక్కుఱు ఈ చరిత్ర తమ యింటి చరిత్రగా గుర్తింతురు.

తాడేపల్లిగూడెములో శాల కట్టినవారిలో ఒకరిని ఇచ్చట స్మరింపవలెను. రేలంగి వెంకట్రామయ్యగారు 1910 లో పుట్టి కాకినాడలో పెరిగిరి. పుల్లయ్యగారి చిత్రములలో చిల్లర వేషములతో మొదలిడి, వేషము లేనినాడు తెఱవెనుక ఏ పని చెప్పిన ఆ పని చేయుచు ఏండ్లు గడపిరి. తరువాత తెలుగుదేశమును నవ్వించి 1970 లో పద్మశ్రీ పొందిరి. ఆయన సంపాదనను మదరాసులోనే పెట్టక, తాడేపల్లిగూడెములో రేలంగి చిత్రమందిరము కట్టిరి. తెఱమీద బొమ్మయైనవాడు తెఱకే యజమాని యగుట చిన్నసంగతి కాదు. తన వేషమునకు నేల తరగతివాడు ఎచ్చట నవ్వెనో, ఎచ్చట నవ్వలేదో గోడవెనుకనుండి వినగల సౌకర్యము ఏ నటునకు కలదు? ఆయన 1975 లో గతించిరి.

పల్లె శాలకు ప్రాణము 'సి సెంటరు' అను పద్ధతిలో నుండెను. ఈ మాట విని పట్టణవాసులు చిన్నచూపు చూతురు గాని అందులోనే పల్లెవాని స్వాతంత్ర్యము దాగియుండెను. ఆంధ్రలో చిత్రవ్యాపారమును జిల్లాలవారీగా పంచుకొనిరి. పశ్చిమగోదావరి ఒక భాగము. బెజవాడ గాంధీనగరములో పంపకదారుల కచేరీలు. బొమ్మ మొదట ఏలూరు వంటి పెద్దయూళ్లలో ఆడును, ప్రింట్లు కొన్నియే. అచ్చట కొన్ని వారములు ఆడి, తరువాత నడిమితరగతి ఊళ్లకు వచ్చి, గీతలు పడి అరిగిన పిమ్మట కామవరపుకోట వంటి ఊళ్లకు చేరును. అప్పటికి దాని అద్దె తగ్గును. పల్లె యజమాని గాంధీనగరమునకు స్వయముగా పోయి, ఏ బొమ్మ ఏలూరులో ఎట్లాడెనో విచారించుకొని, తన ఊరివారికి నచ్చునది ఏదియో యెంచి, నాలుగు దినములకో వారమునకో ఒక మొత్తము ఇచ్చి తెచ్చుకొనును. పౌరాణికము ఈ యూరిలో ఎప్పుడు వేసినను నడచును, శివరాత్రికి ఇది, సంక్రాంతికి అది, పొగాకు డబ్బు వచ్చు వారమున కొత్తది, వరినాట్లలో పాతది: ఈ లెక్క వానికి కంఠస్థము. పెట్టెతోకూడ పంపకదారుని ప్రతినిధి వచ్చి టిక్కెట్లు లెక్కపెట్టును. వానికి భోజనము పెట్టుటయు వానితో పేచీపడుటయు యజమానికి నిత్యకృత్యములు. ఆట మొదలగుటకు ముందు ఘంటసాలవారి గొంతున వేంకటేశ్వర స్తుతి మోగును. చిన్నతిరుపతి యని పేరొందిన ద్వారకాతిరుమలకు సమీపపు ఊళ్లలో అది విని చేతులు జోడించినవారును కలరు. కాలవిలంబమే పల్లెకు లాభము. ఏలూరివాడు ముందు చూచెను, పల్లెవాడు తరువాత చూచెను. అయినను పల్లెవాడు తన ఊరిలో, తనకు తగిన ధరకు, తన యజమాని యెంచిన బొమ్మ చూచెను.

ఈ పద్ధతిని మొదట కదలించినవి 1982 తరువాత వచ్చిన రంగుల దూరదర్శనమును, వీడియోలును. వానినుండి శాలలు ఎట్లో తెప్పరిల్లినవి. 2005 తరువాత వచ్చిన డిజిటలు ప్రదర్శనము మాత్రము వేఱు జాతిది. ప్రింటు లేదు, పెట్టె లేదు. బొమ్మ ఆకాశమార్గమున వచ్చును. 2013 నాటికి ఫ్యూజీవారు సినిమా ఫిల్ము తయారు చేయుటయే మానివేసిరి. మెట్టలోని శాలకును బొంబాయిలోని శాలకును ఒకే శుక్రవారమున కొత్తబొమ్మ వచ్చునని మొదట అందఱును సంతోషించిరి. ఆ సంతోషములోనే చేటు దాగియున్నది. అందఱికిని ఒకేసారి వచ్చు బొమ్మకు అద్దె తగ్గు దినము ఎప్పుడు? మొదటి మూడు దినములలోనే దాని వసూలంతయు ముగియును; ఆ మూడు దినములలో మోటారుసైకిలున్న యువకుడు చల్లని శాలను వెదకుచు ఏలూరునకో జంగారెడ్డిగూడెమునకో పోవును; సోమవారమునాడు పల్లె యజమాని ఖాళీ కుర్చీల ముందఱ యంత్రము నడుపును. ఆ యంత్రము సైతము వానిది కాదు, డిజిటలు కంపెనీది. ఆ కంపెనీల రుసుములపై 2018 మార్చిలో దక్షిణదేశమున నిర్మాతలు, పంపకదారులు బొమ్మలివ్వక నిలిపినప్పుడు శాలలు కొన్ని దినములు మూతపడినవి. ఆ పోరాటము ముగిసినను రుసుము నిలిచియే యున్నది.

ఇంతలో లీజుల కాలము వచ్చెను. బొమ్మలు తీయువారును పంచువారును శాలలను గూడ సాలీనా ఇంతయని పుచ్చుకొనసాగిరి. తండ్రి కట్టిన శాలను నడపలేని కొడుకు, పట్టణమున ఉద్యోగము చేసికొనుచు, లీజు డబ్బు చేత పడుటయే భాగ్యమనుకొనెను. వానిని మేము తప్పు పట్టము. కాని ఒక జిల్లాలోని శాలలు కొలదిమంది చేతికి పోయినప్పుడు వారి బొమ్మయే అన్నిటను ఆడును. చిన్న నిర్మాత తీసిన మంచి బొమ్మకు సంక్రాంతినాడు చోటు దొరకదు. లైసెన్సు పల్లెవాని పేర, పన్నురసీదు పల్లెవాని పేర, అగ్నిమాపక ధ్రువపత్రము పల్లెవాని పేర. తెఱ మాత్రము మఱొకరిది. 2025 మే నెలలో ప్రదర్శకులు అద్దెపద్ధతి వలదు, వసూలులో వాటాపద్ధతి కావలెనని కోరి, జూన్ 1 నుండి శాలలు మూసెదమని బెదిరించి, తరువాత మానుకొనిరి. కోరిక న్యాయమైనదే. దానిని కోరిన గొంతులలో పల్లె శాలల గొంతు ఎంత వినబడెనో మాకు సందేహము.

ధరల మాట వేఱుగా చెప్పవలెను, ఏలయన అది ఇటీవలి గాయము. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి శాలలన్నియు నెలల తరబడి మూతపడినవి. తెఱచుకొని నిలదొక్కుకొనక మునుపే 2021 ఏప్రిలు 8 న రాష్ట్రప్రభుత్వము 35 వ నంబరు ఉత్తరువుతో టిక్కెట్టు ధరలను కట్టడి చేసెను. గ్రామపంచాయతీలోని చల్లదనపు యంత్రము లేని శాలకు ధరలు 5, 10, 15 రూపాయలు. చదువరులే లెక్క కట్టుదురుగాక: 300 కుర్చీల శాలలో తరగతికి నూఱేసి చొప్పున అన్నియు నిండినచో ఒక ఆటకు వచ్చునది 3,000 రూపాయలు. నాలుగాటలును నిండుట పల్లెలో పండుగనాటి మాట, నిండినను 12,000. అందులోనుండి పన్ను, బొమ్మ వాటా, డిజిటలు రుసుము, కరెంటు, నలుగురు పనివారి జీతములు. ఏలూరులో ఒక కప్పు తేనీటికి ఇచ్చు డబ్బుతో రెండున్నరగంటలు కూర్చుండబెట్టవలెనని శాసించువారు, తేనీటి ధరను మాత్రము శాసింపలేదు.

ప్రభుత్వపు వాదనలో న్యాయము బొత్తిగా లేదని మేము అనము. పెద్దనటుల బొమ్మలకు మొదటి వారమున ధరలు ఇష్టము వచ్చినట్లు పెంచి బీదవాని జేబు కొల్లగొట్టుట అందఱును చూచినదే. కాని ఆ దోషము చేసినది పట్టణపు పెద్దశాలలు, వానివెనుక నున్న పెద్ద పంపకదారులు. దెబ్బ తగిలినది నేల తరగతిని నమ్ముకొన్న పల్లె శాలకు. ఆ డిసెంబరులో హైకోర్టు ఉత్తరువును నిలిపెను; తనిఖీలు జరిగి కొన్ని శాలలకు సీళ్లు పడినవి, కొన్నిటిని యజమానులే మూసికొనిరి. 2022 మార్చి 7 న ధరలు సవరించిరి: పంచాయతీలోని అదే శాలకు 20, 40. ఇది నడపదగిన ధర. 2017 లో వినోదపు పన్నుకు బదులు వచ్చిన జి.ఎస్.టి. 100 రూపాయలలోపు టిక్కెట్టుమీద మొదట నూటికి 18, తరువాత 12 గానుండి, 2025 సెప్టెంబరు 22 నుండి 5 అయినది. ఇదియు మేలే. అయితే ఈ మేళ్లన్నియు తెఱచియున్న శాలకే. సీలు పడిన పిదప తెఱువని తలుపునకు తగ్గిన పన్ను ఏమి చేయును?

మేము ప్రభుత్వమును దానధర్మములు కోరము. పల్లె శాలకు కావలసినవి రెండు మూడు మాత్రమే. లైసెన్సు ఇచ్చు జాయింటు కలెక్టరు కచేరి, అగ్నిమాపకశాఖ, విద్యుత్తుశాఖ, ఒక్కొక్కటి ఒక్కొక్క కాగితమునకు త్రిప్పుట మాని, 300 కుర్చీలలోపు శాలకు తనిఖీ అంతయు ఒకే దినమున ముగించవలెను. విడుదలై రెండు నెలలు దాటిన బొమ్మను ఒక నిర్ణీతమైన చిన్న అద్దెకు పల్లె శాలకు ఇచ్చుటకు పంపకదారుల సంఘము అంగీకరింపవలెను. పాత 'సి సెంటరు' తిరిగి లేచుటకు ఇంతకంటె దారి లేదు. వసూలుకు తగినట్లు డిజిటలు రుసుము తగ్గవలెను. వారమునకు మూడు దినములు మాత్రమే తెఱచు శాల ఏడు దినముల రుసుము కట్టుట ఎక్కడి లెక్క?

కాగితముమీద శాలకు యజమానులైన మా చదువరులకు ఒక మాట. లీజుకు ఇచ్చువారు ఇత్తురుగాక; నడపలేనిదానిని నడపుమని చెప్పుటకు మాకు అధికారము లేదు. కాని లీజుపత్రము వ్రాయునప్పుడు సంవత్సరమున నాలుగు వారములు తమ చేతిలో ఉంచుకొనవలెను. ఆ వారములలో ఏ బొమ్మ ఆడవలెనో ఊరివారు కోరుదురు, యజమాని తెచ్చును. పాఠశాల పిల్లలకు ఒక పూట, స్త్రీలకు ఒక పూట, గుంటుపల్లి చూడవచ్చువారికి ఆ కొండను గూర్చిన ఒక చిన్న చిత్రము. దీనికై దస్తావేజులో చేర్పవలసినది ఒక్క వాక్యము. స్టాంపు ఖర్చు పెరుగదు.